కొత్త చేపలకూ, చేపపిల్లలకూ కలిపి ఒకే చిన్న తొట్టి చాలుతుందా?

ప్రశ్న:
పెద్ద తొట్టిలో గప్పీలు, టెట్రాలు ఆరోగ్యంగానే ఉన్నాయి. ఒక గప్పీ ఇవాళో రేపో పిల్లలు పెట్టేలా ఉంది. కొత్త చేపలు కూడా త్వరలో తేవాలనుకుంటున్నాను. 30 లీటర్ల గాజు తొట్టి ఒకటి ఖాళీగా ఉంది. మధ్యలో జాలీ అడ్డం పెట్టి ఒకవైపు పిల్లల్ని, ఇంకోవైపు కొత్తవాటిని ఉంచవచ్చా? ఏ ఫిల్టర్ పెట్టాలి? అడుగున ఇసుక వెయ్యాలా?

జవాబు:
దయచేసి అలా చెయ్యకండి. జాలీ చేపల్ని ఆపుతుంది, నీళ్ళను ఆపదు. కొత్త చేపలతో రాగల తెల్లమచ్చల జబ్బు పరాన్నజీవి పిల్లదశలో నీళ్ళలో ఈదుతూ వెళ్ళి చేపను పట్టుకుంటుంది. లేత పిల్లలు దాన్ని తట్టుకోలేవు. ముందు పిల్లల్ని పెంచేయండి, తొట్టి ఖాళీ అయ్యాకే కొత్తవి తెండి.

ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ పెట్టండి. అది పిల్లల్ని లోపలికి లాగెయ్యదు. అయితే స్పాంజి కొత్తదైతే ప్రయోజనం లేదు. చేపల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా అందులో స్థిరపడటానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఈలోగా చిన్న తొట్టిలో విషం ఇట్టే పేరుకుపోతుంది. మీకు వ్యవధి లేదు కాబట్టి పెద్ద తొట్టి ఫిల్టర్‌లోని పాత స్పాంజి ముక్క తీసి ఇందులో పెట్టండి. ఇంకో స్పాంజిని ఇవాళే పెద్ద తొట్టిలో వేసి ఉంచండి, కొత్త చేపలొచ్చే వేళకు సిద్ధంగా ఉంటుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ 0 ఉన్నాయో లేదో టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉండండి.

ఇసుక వద్దు. అడుగు ఖాళీగా ఉంటే మిగిలిన మేత, రెట్ట కనిపిస్తాయి, రోజూ తీసెయ్యవచ్చు. తెల్లమచ్చల పరాన్నజీవి చేపను వదిలి అడుగునే పడి వందల్లో పెరుగుతుంది కాబట్టి, తర్వాత కొత్త చేపల్ని ఉంచినప్పుడూ ఇది మేలు.

ప్రశ్న:
అర్థమైందండీ, అడ్డం ఆలోచన మానేశాను. పిల్లలకు మేత, నీళ్ళ మార్పిడి ఎలా?

మరొకరి జవాబు:
ఈనగానే తల్లిని తీసెయ్యండి, లేకపోతే అదే పిల్లల్ని తినేస్తుంది. దాక్కోవడానికి కాస్త జావా మాస్ (నీళ్ళలో పెరిగే నాచు మొక్క) వేస్తే చాలు. గప్పీ పిల్లలు పుట్టిన రోజే మేత తింటాయి. మామూలు మేతనే పొడిగా నలిపి, రోజుకు నాలుగైదుసార్లు చిటికెడు చొప్పున వేయండి. అప్పుడే పొదిగిన బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటి చిన్న రొయ్యలాంటి జీవి) దొరికితే ఎదుగుదలలో తేడా కళ్ళకు కనిపిస్తుంది. ఉప్పునీళ్ళలో గాలి పెట్టి, 25 నుంచి 28 డిగ్రీల వెచ్చదనంలో ఉంచితే దాని గుడ్లు దాదాపు ఒకటిన్నర రోజులోపు పొదుగుతాయి.

సన్నని ఎయిర్ గొట్టంతో రోజూ పది, పదిహేను శాతం నీళ్ళు అడుగు నుంచి తీయండి. ఆ నీళ్ళు తెల్ల బకెట్‌లో పట్టండి, గొట్టంలోకి జారిన పిల్ల కనబడుతుంది. కుళాయి నీళ్ళైతే క్లోరిన్ విరిచే మందు కలిపి, తొట్టి నీళ్ళ వేడికి తెచ్చాకే పొయ్యండి.

మొదటి జవాబు రాసినవారు:
కొత్త చేపల్ని పెద్ద తొట్టిలో కలిపే ముందు ఈ చిన్న తొట్టిలో విడిగా నాలుగు వారాలు ఉంచండి. జబ్బు లేకుండా మందు వెయ్యకండి, తిండి, ఊపిరి, రెక్కల తీరు గమనించండి. కొన్ని మందులు స్పాంజిలోని బాక్టీరియాను చంపుతాయి, మందు వేస్తే అమ్మోనియా రోజూ చూడాలి. వల, బకెట్ విడిగా ఉండాలి. జబ్బు వచ్చిన తొట్టిలోని స్పాంజిని మళ్ళీ పెద్ద తొట్టిలో పెట్టకండి. తొట్టినీ, వలనూ కడిగి పూర్తిగా ఎండబెట్టండి.

ఇంకొకటి: ఆడ గప్పీ ఒకసారి కలిస్తే ఆ వీర్యాన్ని నిలవ ఉంచుకుని నెలకోసారి ఈనుతూనే ఉంటుంది. కొత్త చేపలు చిన్న తొట్టిలో ఉండగానే మరో కాన్పు రావచ్చు. అప్పుడు కంగారుపడి ఆ పిల్లల్ని వాటి మధ్య వెయ్యకండి. పెద్ద తొట్టిలోనే మాస్ దట్టంగా వేసి వదిలేయండి.