శాండ్‌బార్ (సముద్రంలో తేలే ఇసుక తిన్నె) మీద నడవాలని అమ్మ కోరిక: ఏ దీవికి వెళ్తే బాగుంటుంది?

ప్రశ్న | తొలిపడవ

అందరికీ నమస్కారం. చుట్టూ నీలం నీళ్లు, మధ్యలో సన్నటి తెల్ల ఇసుక దారి, దాని మీద ఎవరో నడిచి వెళ్తున్న ఫోటో ఒకటి అమ్మ కంట పడింది. అప్పటి నుంచి "ఒక్కసారి సముద్రం నడిమధ్యలో అలా నడవాలిరా" అంటోంది. ఆవిడకు ఈత రాదు, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. మాతో పాటు ఆరేళ్ల పాప వస్తుంది.

వెతికితే మాల్దీవులు, థాయ్‌లాండ్‌లో క్రాబీ, ఫిలిప్పీన్స్, జాంజిబార్ ఇలా చాలా పేర్లు వస్తున్నాయి. ఫోటోలన్నీ ఒకేలా ఉన్నాయి, ఏది ఎంచుకోవాలో తెలియడం లేదు. తేదీలు ఎటైనా మార్చుకోగలం. మేం మధ్యలో ఉండగా నీళ్లు పెరిగితే ఎలాగన్నదే నా టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

జవాబు | ఆటుపోటు

ఇసుక తిన్నెలంటే నాకు ప్రాణం. సెలవులు దొరికితే వాటి చుట్టూనే తిరుగుతాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నన్నడిగితే ముందు రోజు, వేళ తేల్చుకోండి. దీవి సంగతి ఆ తర్వాత. మీరు ఫోటోలో చూసిన ఆ దారి చాలాచోట్ల ఆటు సమయంలో రెండు మూడు గంటలు మాత్రమే ఉంటుంది, పోటు వస్తే మునిగిపోతుంది. ఆటుపోట్లు చాలా తీరాల్లో రోజుకు రెండేసి సార్లు వస్తాయి, పైగా రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. "ఉదయం పదింటికి వెళ్లాం, అద్భుతం" అని ఎవరో రాసింది నమ్మి సరిగ్గా వారం తర్వాత అదే పదింటికి వెళ్లారనుకోండి, అప్పటికి ఆరు గంటలు జరిగిపోయి అక్కడ పోటు నడుస్తుంటుంది. ఇసుక బదులు నడుములోతు నీళ్లు కనిపిస్తాయి.

తిథులు చూసే అలవాటు ఉంటే ఇది చాలా తేలిక. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు, అంటే పాడ్యమి, విదియల్లో, ఆటుకి నీళ్లు బాగా కిందికి దిగుతాయి, పోటుకి అంతగా పైకి లేస్తాయి. అష్టమి దాటిన రోజుల్లో ఈ తేడా బాగా తగ్గుతుంది. ఇంకో సంగతి చాలామంది గమనించరు. రోజుకు రెండు ఆటుపోట్లు వచ్చే తీరంలో ఏదైనా ఒక చోటు తీసుకుంటే, పౌర్ణమి తర్వాత వచ్చే పెద్ద ఆటు ఎప్పుడూ దాదాపు ఒకే వేళకు పడుతుంది. అక్కడ అది మధ్యాహ్నం పడుతుందని ఒకసారి తెలిస్తే, తర్వాతి నెలలకు కూడా ప్లాన్ చేసుకోవచ్చు. గడియారంలో నిమిషాల కోసం మాత్రం ఆ చోటి టైడ్ టేబుల్ (ఆటుపోట్ల వేళలు, నీటిమట్టాల పట్టిక) చూడాల్సిందే.

ఇక దీవులు. ఆటుకీ పోటుకీ మధ్య నీటిమట్టం ఎంత మారుతుందన్నది చూడండి. జాంజిబార్‌లో పెద్ద ఆటుపోట్లకు ఈ తేడా మూడు మీటర్లు దాటుతుంది. స్టోన్ టౌన్ నుంచి పడవలో వెళ్లే నకుపెండా తిన్నె అందుకే కళ్ల ముందే పుట్టి కళ్ల ముందే మాయమవుతుంది. క్రాబీ దగ్గర రెండు మీటర్లు దాటుతుంది. అక్కడ తలే వేక్ అనే చోట ఆటుకి నీళ్లు తొలగి కో టప్, కో మోర్, కో కై దీవులు ఇసుకతో కలుస్తాయి. ఒక దీవి నుంచి ఇంకో దీవికి నడిచి వెళ్లడం ఎంత బాగుంటుందో మాటల్లో చెప్పలేను, కానీ నీళ్లు తిరిగి వచ్చేటప్పుడు రెండు వైపుల నుంచీ అలలు వచ్చి ఇసుక మీదే ఢీకొంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను అక్కడికి తీసుకెళ్లమని నేను చెప్పను.

మాల్దీవుల్లో ఆ తేడా మీటరు అటూ ఇటూ. అక్కడ రోజంతా నీటి పైనే ఉండే తిన్నెలు బోలెడు. మీ అమ్మగారికి నా ఓటు మాల్దీవులకే. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు ఈశాన్య గాలుల కాలం, వానలు తక్కువ, సముద్రం నిదానంగా ఉంటుంది. గాలులు నైరుతికి తిరిగాక చాలా దీవుల్లో ఇసుక ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరుగుతుంది. కాబట్టి ఆగస్టులో తీసిన ఫోటో చూపించి ఫిబ్రవరిలో అదే ఆకారం కావాలంటే కుదరదు.

అక్కడ దిగాక ఒక్క పని చేయండి. గుప్పెడు ఇసుక తీసుకుని అరచేతిలో పరిచి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడండి. గులకరాయి ముక్క ఒక్కటీ కనబడదు. పగడపు తునకలు, గవ్వల పొడి, హాలిమెడా అనే సముద్రపు నాచు నుంచి రాలిన చేప పొలుసుల్లాంటి పలుచటి రేకులు ఉంటాయి. అందులో చాలా భాగం ప్యారట్ ఫిష్ పళ్లతో పగడాన్ని గీకి, నమిలి, విసర్జించిన సున్నపు పొడి. మాల్దీవుల్లోని వక్కారు దీవి మీద 2015లో వచ్చిన పరిశోధనలో, అక్కడ కొత్తగా తయారయ్యే ఇసుకలో 85 శాతానికి పైగా ఈ చేపల చలవేనని తేలింది. ఈ ఇసుక సున్నం కాబట్టే అంత తెల్లగా మెరుస్తుంది. పాపకు ఈ చేప కథ చెప్పండి, స్నార్కెల్ పెట్టుకుని నీళ్లలో చెవి పెడితే అవి పగడాన్ని కొరికే టకటక శబ్దం కూడా వినిపిస్తుంది.

పడవ వాళ్లను మాత్రం ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: దిగడానికి నిచ్చెన ఉందా అని. తిన్నె దగ్గర జెట్టీ ఉండదు. లోతు తక్కువ కాబట్టి పడవ కొంచెం దూరంలోనే ఆగుతుంది, మోకాలి లోతు నీళ్లలోకి దిగి నడవాలి. మోకాళ్లు నొప్పులున్నవాళ్లకు పడవ అంచు మీంచి దూకడం కష్టం.

జవాబు | గొడుగు_మర్చిపోకు

పైన చెప్పినదంతా బాగుంది, కానీ నీడ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఫిలిప్పీన్స్‌లో కమిగిన్ దీవి ఉంది కదా, అక్కడ మంబహావో తీరం నుంచి పడవెక్కితే కాసేపట్లో వైట్ ఐలాండ్ వస్తుంది. ఉత్త ఇసుక. ఒక్క చెట్టు లేదు, గడ్డిపోచ లేదు. వెనక్కి తిరిగితే ఎదురుగా హిబోక్-హిబోక్ అగ్నిపర్వతం, 1951లో పేలి ఎందరినో బలిగొన్నది అదే. నాకు ఇంతకంటే అందమైన తిన్నె తెలియదు. పొద్దున్నే వెళ్లి, ఎండ ముదరకముందే వచ్చేయండి. తెల్ల ఇసుక, నీళ్లు రెండూ ఎండను తిప్పి కొడతాయి, టోపీ పెట్టుకున్నా గడ్డం కింద కమిలిపోతుంది. పొడుగు చేతుల చొక్కా అన్నిటికంటే మేలు. సన్‌స్క్రీన్ క్రీమ్ రాసుకుంటే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు లేనిది చూడండి, పగడాలకు అవి చెరుపు చేస్తాయని హవాయిలో 2021 నుంచి వాటి అమ్మకం ఆపేశారు.

జవాబు | మూడుదీవులు

ఆటుపోటు గారితో నేను ఏకీభవించను. థాయ్‌లాండ్ అంటే ఒక్క క్రాబీయేనా? అది పడమటి తీరం. తూర్పున గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్‌లో కో టావ్ దీవి పక్కనే కో నాంగ్ యువాన్ ఉంది. మూడు చిన్న దీవులను ఒకే ఇసుక తిన్నె కలుపుతుంది. పోటు ఎక్కువైనప్పుడు మీద నీళ్లు పారతాయి, అయినా తిన్నె కిందే తెల్లగా కనిపిస్తూ ఉంటుంది. జెట్టీ ఉంది, బండరాళ్ల పక్క నుంచి చెక్క దారి ఉంది, కూర్చోవడానికి నీడ ఉంది. పెద్దవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? పైన వ్యూ పాయింట్‌కి మెట్లెక్కాలి, అమ్మగారిని కింద కూర్చోబెట్టి మీరు వెళ్లి రండి. ప్లాస్టిక్ సీసాలు దీవిలోకి తేనివ్వరు. క్రాబీకి మంచి కాలం, దీనికి మంచి కాలం వేరువేరు. ఇక్కడ నవంబరులో వానలు దంచుతాయి, అప్పుడు మాత్రం వద్దు.

తొలిపడవ

చాలా థాంక్సండీ అందరికీ. అమ్మకు చేప కథ చదివి వినిపించాను, "అయితే ఆ ఇసుక చూడాల్సిందే" అంటోంది. టైడ్ టేబుల్ తెరిచి చూశాను. 0.3, 1.1 అని అంకెలున్నాయి. వీటిని బట్టి తిన్నె బయటపడుతుందో లేదో ఎలా తెలుస్తుంది? నీళ్లు ఎంత వేగంగా పెరుగుతాయి?

ఆటుపోటు

మూడుదీవులు గారూ, జెట్టీ సంగతి మీరన్నది నిజం, దిగడానికి కో నాంగ్ యువాన్ సుఖం. నాకు ఒక్కటే అభ్యంతరం, అక్కడ జనం ఎక్కువ. అమ్మగారు అడిగింది సముద్రం మధ్యలో నడక కదా.

ఆ అంకెలు మీటర్లలో నీటిమట్టం. సున్నా అంటే సుమారుగా అతి పెద్ద ఆటు నాటి మట్టం. తిన్నె ఎత్తు టేబుల్‌లో ఉండదు, ఇసుక కదులుతూ ఉంటుంది కాబట్టి ఏ మట్టానికి వీపు తేలుతుందో ఆ నెలలో అక్కడ పడవ నడిపేవాళ్లకే బాగా తెలుసు. "రేపటి ఆటు 0.3, ఎంతసేపు ఇసుక పైన ఉంటుంది?" అని అడగండి. తెలిసినవాడు ఠక్కున చెబుతాడు. నసిగితే ఇంకో పడవ చూసుకోండి.

వేగం సంగతి. ఆటు నుంచి పోటుకి ఆరు గంటలు పడుతుంది కానీ నీళ్లు ఒకే తీరుగా ఎక్కవు. నావికులు పన్నెండు వంతుల లెక్క వాడతారు: మొదటి గంటలో మొత్తం పెరుగుదలలో పన్నెండింట ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, ఆఖరి గంటలో ఒకటి. మొత్తం తేడా 0.8 మీటర్లయితే మొదటి గంటలో పెరిగేది ఏడు సెంటీమీటర్లే. మీ టెన్షన్ అక్కడే సగం తీరుతుంది. ఆటుకి గంట ముందు చేరి, ఆటు దాటిన గంటలోపు పడవెక్కేయండి.

తిన్నె కొసల దగ్గరికి పాపను పోనివ్వకండి. నడిమి భాగం చదునుగా, నెమ్మదిగా ఉంటుంది. కొసల్లో రెండు పక్కల నీళ్లు కలుస్తాయి, లాగుడు ఉంటుంది, అడుగు పక్కకు వేస్తే ఒక్కసారిగా లోతు. మోకాలి లోతులోనైనా పాపకు లైఫ్ జాకెట్ తీయొద్దు. నీళ్లలో నడిచేటప్పుడు అడుగులు ఎత్తి వేయకుండా ఇసుక మీద ఈడుస్తూ నడవమనండి, ఇసుకలో ఒళ్లు దాచుకున్న స్టింగ్‌రేలు (తోకముల్లుతో కుట్టే చేపలు) ఆ కదలికకు పక్కకు తప్పుకుంటాయి. పక్షులు గుంపుగా ఒక మూల కూర్చుని, దగ్గరికి వెళ్తే తల మీద తిరుగుతూ అరిస్తే అక్కడ గుడ్లున్నట్టు. ఆ వైపు వెళ్లకుండా ఇంకో వైపు నడవండి.

తేదీలు అనుకున్నాక దీవి పేరు చెప్పండి, ఆ వారం టేబుల్ చూసి ఏ రోజు బాగుంటుందో ఇక్కడే రాస్తాను.