‘అద్దు’: రంగు పెట్టడమా, తీయడమా?

సభ్యులకు నమస్కారం. నాటింగ్‌హామ్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1983లో తెచ్చిన వార్‌హ్యామర్ వంటి ఆటలలోని చిన్న యోధుల బొమ్మలకు రంగులు వేయడంపై తెలుగులో పాఠం రాస్తున్న ఒక సభ్యురాలు, రంగులో ముంచిన కుంచెలో ఎక్కువైన తడిని కాగితానికి తాకించి తీసివేయడాన్ని ఏమనాలని నిన్న అడిగారు. ‘తుడవడం’, ‘పీల్చడం’, ‘శోషింపజేయడం’ అనే సూచనలు వచ్చాయి. నేను మాత్రం ‘అద్దడం’ అంటాను.

ముందు పని సంగతి. ఈ బొమ్మలు సుమారు 28 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి, ముఖం కందిగింజంత ఉంటుంది. నీళ్లతో పలుచన చేసిన అక్రిలిక్ రంగు కుంచె వెంట్రుకల మధ్య నిలుస్తుంది కాని, మొన బొమ్మను తాకిన మరుక్షణం నిండుగా ఉన్నదంతా ముడతలలోకి జారి, కళ్లను, మూతిని ఒకే మడుగు చేస్తుంది. కాబట్టి కుంచెను కాగితానికి ఒకసారి తాకించి ఎత్తాలి. అప్పుడు మొన సన్నబడుతుంది, రంగు మన చెయ్యి చెప్పినంతే దిగుతుంది. పారదర్శకమైన పలుచని పూత వేసేటప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం, ఎందుకంటే కుంచె ఎక్కడ లేస్తే రంగు అక్కడే ఎక్కువగా మిగులుతుంది.

‘తుడవడం’ దీనికి సరిపోదు. దాదాపు పొడిగా ఉన్న కుంచెతో గట్ల మీద మాత్రమే రంగు అంటించే పద్ధతి ఒకటుంది, అక్కడ నిజంగానే తుడుస్తాం. పీల్చేది కాగితం, మనం కాదు. ‘శోషింపజేయడం’ రసాయనశాస్త్ర పాఠంలో బాగుంటుంది, కుంచె పట్టుకున్న చేతికి బరువు.

‘అద్దు’లో ఉన్నది నొక్కీ నొక్కకుండా తాకించి ఎత్తడం. ప్రసాదాన్ని కళ్లకు అద్దుకుంటాం. కొంగుతో కళ్లు అద్దుకుంటాం. మొదటిదానిలో వస్తువు కళ్లను తాకుతుంది, రెండవదానిలో కళ్లలోని నీరు కొంగుకు పోతుంది. మామిడి ముక్కను ఉప్పులో అద్దితే ఉప్పు ముక్కకు అంటుతుంది. ఏది ఎటు పోతుందో చెప్పే భారం విభక్తిది, సందర్భానిది, క్రియది కాదు. సిరా తీసే కాగితాన్ని ‘అద్దుడు కాగితం’ అన్నవారే బట్టకు రంగు పట్టించడాన్ని ‘అద్దకం’ అన్నారు.

దీనికి ఒక సభ్యులు ఇలా రాశారు: “మాది పెడన. మా వైపు అచ్చును రంగులో అద్ది, బట్ట మీద అద్దుతారు. రెండుచోట్లా రంగు పట్టించే పనే. మీ పాఠంలో ‘కుంచె అద్దండి’ అని ఉంటే మావాళ్లు నేరుగా బొమ్మకే అద్దేస్తారు.”

అభ్యంతరం న్యాయమైనదే. విడిగా ‘అద్దండి’ అని రాస్తే చదువరి తికమకపడక తప్పదు. శ్రీకాళహస్తి కలంకారీలో కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో నొక్కి రంగు వదులుతారు కనుక, ‘నొక్కడం’ వాడవచ్చా అని కూడా ఆలోచించాను. కాని సన్నని వెంట్రుకల కుంచెను నొక్కితే మొన చెడుతుంది. అందుచేత పాఠంలో వాక్యం ఇలా ఉండాలని నా సూచన: “కుంచె మొనను మాత్రమే రంగులో ముంచి, కాగితం మీద అద్ది తడి తీసి, ఆ తరువాతే బొమ్మకు పూయండి.” బొమ్మ దగ్గర ‘పూయు’ అని మార్చాను కాబట్టి, పెడనవారికి కూడా ఇబ్బంది ఉండదనుకుంటాను.