ఫ్రీజర్‌లో చేపలు రాయిలా ఉన్నాయి, కింద పాలు విరిగిపోతున్నాయి. గ్యాస్ పట్టించాలా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ నుంచి)

అందరికీ నమస్కారమండి. మాది డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్, కొని ఆరేళ్లయింది. పది రోజులుగా కింది భాగం చల్లబడటం లేదు. రాత్రి పెట్టిన దోసెల పిండి తెల్లారేసరికి పొంగి గిన్నె దాటేస్తోంది. నిన్న పాలు విరిగిపోయాయి. పై ఫ్రీజర్‌లో మాత్రం ఆదివారం తెచ్చిన వంజరం ముక్కలు రాయిలా ఉన్నాయి. ఫ్రిజ్ పక్కలు చెయ్యి పెడితే బాగా వేడిగా తగులుతున్నాయి. మెకానిక్ వచ్చి అయిదు నిమిషాలు చూసి, గ్యాస్ అయిపోయింది, పట్టించాలి అన్నాడు. మా అత్తగారి ఇన్సులిన్ కూడా ఇందులోనే ఉంటుంది. అందుకే టెన్షన్‌గా ఉంది. పట్టించేయమంటారా?

జవాబు (మర్రిపాలెం నుంచి, ఫ్రిజ్‌ల పని చేస్తాను)

ముందు ఇన్సులిన్ సంగతి చూడండమ్మా. వాడకుండా దాచినవి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కొత్తవి ఈరోజే పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో పెట్టించండి. కంగారులో పై ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, గడ్డ కట్టిన ఇన్సులిన్ మళ్లీ పనికిరాదు. ఈ పది రోజులూ వేడిలో ఉన్నవాటిని వాడొచ్చో లేదో మీ డాక్టరుగారిని అడగండి.

ఇక ఫ్రిజ్. ఇప్పుడే గ్యాస్ పట్టించకండి. ఫ్రిజ్‌లో గ్యాస్ వాడితే అయిపోయేది కాదు, మూసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకైనట్టు. సముద్రం దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలికి పైపులు తుప్పు పట్టి లీకయ్యే మాట నిజమే. కానీ గ్యాస్ బాగా తగ్గితే ఫ్రీజర్ కూడా దెబ్బ తింటుంది, మీ చేప ముక్కలు మెత్తబడాలి. అవి రాయిలా ఉన్నాయంటే చల్లదనం తయారవుతోంది, కిందికి రావడం లేదు. పక్కలు వేడెక్కడం తప్పు కాదు. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటికి వేడిని వదిలే పైపులు పక్క గోడల్లోనే ఉంటాయి.

ఫ్రాస్ట్ ఫ్రీలో చల్లబరిచే కాయిల్ ఫ్రీజర్ వెనక ప్లాస్టిక్ పలక లోపల ఉంటుంది. ఒక చిన్న ఫ్యాన్ ఆ చల్లగాలిని ఫ్రీజర్‌లోకి, ఒక దారి గుండా కిందికి తోస్తుంది. కాయిల్ మీద పట్టిన మంచును కరిగించడానికి కొన్ని గంటలకోసారి హీటర్ వెలుగుతుంది. అది వెలగకపోతే మంచు పెరిగి గోడలా అయి గాలిదారిని మూసేస్తుంది. మన విశాఖ గాలిలో తేమ ఎక్కువ, తలుపు తీసిన ప్రతిసారీ అదంతా లోపలికి పోయి మంచవుతుంది.

ఒక పని చేయండి. ఫ్రీజర్ తలుపు తీసి, డోర్ స్విచ్‌ని వేలితో నొక్కి పట్టుకుని ఫ్యాన్ చప్పుడు వస్తుందేమో వినండి. తలుపు తీస్తే ఫ్యాన్ ఆగిపోయే మోడళ్లు చాలా ఉన్నాయి, అందుకే నొక్కమంటున్నాను. కంప్రెసర్ నడుస్తున్నప్పుడే వినాలి. వెనక పలక మీద మంచు పేరుకుందా, తలుపు రబ్బరు ఎక్కడైనా వదులైందా అన్నది కూడా చూడండి. తలుపు మధ్య కాగితం పెట్టి మూసి లాగితే కాస్త బిగువుగా రావాలి.

ఎంవీపీ కాలనీ నుంచి

కాగితం బిగువుగానే వస్తోందండి. ఫ్యాన్ తిరుగుతోంది, కానీ దేనికో రాసుకుంటున్నట్టు గరగరమంటోంది. వెనక పలక మీద మంచు దట్టంగా ఉంది. చాకుతో గీకేయమంటారా?

మర్రిపాలెం నుంచి

వద్దమ్మా, చాకు అసలు ముట్టుకోవద్దు. లోపలి కాయిల్ మెత్తటి అల్యూమినియం. చిల్లు పడిందంటే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. దాదాపు ప్రతి నెలా ఇలాంటి ఫ్రిజ్ ఒకటి నా దగ్గరికి వస్తుంది, చూస్తే బాధేస్తుంది.

ప్లగ్ తీసేసి, సామాన్లు వేరేచోట సర్ది, రెండు తలుపులూ తెరిచి పూర్తిగా ఒక రోజు వదిలేయండి. కింద పాత దుప్పటి పరవండి, నీళ్లు బాగా వస్తాయి. తర్వాత ఆన్ చేసి, మధ్య అరలో గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ఉంచి మర్నాడు పొద్దున చూడండి. 3 నుంచి 5 డిగ్రీలుంటే గ్యాసూ కంప్రెసరూ బాగున్నట్టే. వారం పది రోజుల్లో మళ్లీ మొదటికొస్తే తప్పు డీఫ్రాస్ట్ లైన్లోనే, అంటే మంచు కరిగించే భాగాల్లోనే అని తేలిపోతుంది.

గాజువాక నుంచి

మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. మాది సింగిల్ డోర్. నిమిషానికోసారి టిక్ అని మోగి ఆగిపోతోంది, ఎక్కడా చల్లదనం లేదు. ఇదీ మంచు సమస్యేనా?

మర్రిపాలెం నుంచి

కాదు బాబూ, మీది వేరు. కంప్రెసర్ స్టార్ట్ కాలేకపోతుంటే, దాన్ని కాపాడే ఓవర్‌లోడ్ అనే చిన్న స్విచ్ కరెంటు కట్ చేస్తోంది. ముందు వోల్టేజ్ చూపించండి. అది సరిగా ఉంటే రిలే (కంప్రెసర్‌ని స్టార్ట్ చేసేది), ఓవర్‌లోడ్ మార్పించి చూడండి, చవక సామాన్లే. ఆ తర్వాత కూడా మోగితేనే కంప్రెసర్‌ని అనుమానించాలి. చూపించేదాకా ప్లగ్ తీసి ఉంచండి.

ఎంవీపీ కాలనీ నుంచి (పన్నెండు రోజుల తర్వాత)

మీరు చెప్పినట్టే చేశామండి. బేసిన్ నిండా నీళ్లొచ్చాయి. మర్నాడు పొద్దున గ్లాసులో 4 డిగ్రీలు చూపించింది. ఎనిమిది రోజులు బాగా నడిచి, నిన్నటి నుంచి మళ్లీ పిండి పొంగుతోంది.

మర్రిపాలెం నుంచి

అయితే తేలిపోయింది. ఈసారి వేరే మెకానిక్‌ని పిలిచి, వెనక పలక విప్పి హీటర్, ఫ్యూజ్, బైమెటల్ (చల్లదనాన్ని బట్టి హీటర్‌కి కరెంటు కలిపే స్విచ్) మీటర్‌తో చూడమనండి. 150 వాట్ల హీటరైతే సుమారు 350 ఓమ్‌లు చూపిస్తుంది, మీటర్ అసలు కదలకపోతే హీటర్ తెగినట్టు. ఫ్యూజ్ మామూలు గది వేడిలోనే కలిసి ఉండాలి, అంటే దానిగుండా కరెంటు పోవాలి. బైమెటల్ అలా కాదు, చల్లగా ఉన్నప్పుడే కలుస్తుంది. విప్పి బల్ల మీద పెట్టి చూస్తే మంచిది కూడా పోయినట్టే కనిపిస్తుంది. అందుకని ఉప్పు కలిపిన ఐస్‌లో పెట్టి చూడమనండి. మూడూ బాగుంటే హీటర్‌ని వేళకి వెలిగించే టైమర్ చూడాలి, ఎలక్ట్రానిక్ బోర్డున్న మోడలైతే సెన్సర్. మీరు మాత్రం కరెంటున్నప్పుడు ఆ పలక విప్పకండి.

ఒకవేళ ఎవరైనా గ్యాస్ లైనే విప్పాలంటే, కంప్రెసర్ మీది స్టిక్కర్ చదవండి. ఆర్600ఏ అని ఉంటే అది మంటలంటుకునే గ్యాస్. వంటగదిలో తలుపులు మూసి, పక్కనే స్టవ్ వెలుగుతుండగా ఆ పని చేయనివ్వకండి.

ఎంవీపీ కాలనీ నుంచి

బైమెటలేనండి! ఐస్‌లో పెట్టినా కలవలేదు. మార్చారు, గంటలో అయిపోయింది. గ్యాస్‌కి అడిగినదాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు. అత్తగారి ఇన్సులిన్ ఇంటికి తెచ్చేశాం. మీకు చాలా చాలా థాంక్స్. ఒక్కటే మిగిలింది, కూరగాయల ట్రే కింద నీళ్లు చేరుతున్నాయి.

మర్రిపాలెం నుంచి

కరిగిన నీళ్లు దిగే రంధ్రం మూసుకుని ఉంటుందమ్మా. ప్లగ్ తీసి, కాయిల్ కింద ఉన్న ఆ రంధ్రంలో గోరువెచ్చటి నీళ్లు సిరంజితో కొద్దికొద్దిగా పోయమనండి. వెనక కంప్రెసర్ మీది ట్రేలోకి నీళ్లు జారితే దారి తెరుచుకున్నట్టే. ఆ ట్రే కూడా ఒకసారి కడిగించండి.