సుగ్గికి (కూలి వలసకు) పోయే ఊళ్లలో ఏఎన్ఎంలకు ఏసీఈ (చిన్ననాటి చేదు అనుభవాల) ప్రశ్నలు నేర్పాలా, వద్దా?

ఆదోని_పిల్లల_వైద్యం:
కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు జనం ఇళ్లకు తాళాలేసి గుంటూరు మిరప కోతలకు సుగ్గికి పోతారు. పిల్లలు అవ్వ దగ్గరో సీజనల్ హాస్టల్లోనో ఉండిపోతారు. ఇంట్లో దెబ్బలు, తాగుడు లాంటివి చిన్నప్పుడు ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక గుండెజబ్బు, డిప్రెషన్ అంత ఎక్కువని ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్ల అమెరికా అధ్యయనం 1998లోనే చెప్పింది. కాలిఫోర్నియాలో 2020 నుంచి డాక్టర్లకు ఈ ప్రశ్నలు అడగడంలో రెండు గంటల శిక్షణ, ఒక్కో స్క్రీనింగ్‌కు 29 డాలర్ల చెల్లింపు మొదలుపెట్టారు. మన ఏఎన్ఎంలకూ ఆ పది ఏసీఈ ప్రశ్నలు నేర్పి టీకాల రోజు అడిగించాలి.

కర్నూలు_సైకియాట్రీ:
ఒప్పుకోలేను సార్. ఒక్కో "అవును"కు ఒక మార్కు చొప్పున వచ్చే ఏసీఈ స్కోరుతో ఒక్కో మనిషి సంగతి తేల్చొద్దని ఆండానే 2020లో హెచ్చరించారు. ఒకసారి దెబ్బ తిన్నా, రోజూ తిన్నా అందులో పడేది ఒక్క మార్కే. పైగా టాక్సిక్ స్ట్రెస్ (ఒంటిని దెబ్బతీసే ఎడతెగని ఒత్తిడి) కష్టంతోనే రాదు. ఆ కష్టంలో దగ్గరికి తీసుకునే పెద్దదిక్కు లేనప్పుడు ఒంట్లో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ అదుపు తప్పుతుంది, నిద్ర, చదువు, రోగనిరోధక శక్తి దెబ్బతింటాయి. ఆ పది ప్రశ్నల్లో ప్రేమ, రక్షణ కరువయ్యాయా అని ఉంది కానీ, కష్టంలో దగ్గరికి తీసుకునే మనిషి ఎవరని అడిగేది లేదు.

ఏఎన్ఎం_శిక్షణ:
ఇద్దరూ టీకాల బల్ల దగ్గర జరిగేది వదిలేశారు. పక్కన అత్త కూర్చోనుంటే "ఇంట్లో కొడతారా?" అన్న ప్రశ్నకు ఏ కోడలైనా "లేదు మేడం" అనే అంటుంది. కాబట్టి ముందు నేర్పాల్సింది తల్లిని విడిగా కూర్చోబెట్టడం. బిడ్డను తూకం వేయించే పని మీద ఆశా కార్యకర్త అత్తను లోపలికి తీసుకుపోవాలి. దొరికే రెండు మూడు నిమిషాల్లో ఇవి అడగాలి: రాత్రి ఉలిక్కిపడి లేస్తాడా? మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైందా? ఏడుపొస్తే ఎవరి దగ్గరికి పోతాడు? మూడోదానికి తల్లి తడబడితే అక్కడే ఆగి వినాలి. జవాబులు తల్లీబిడ్డల కార్డు మీద రాయనే కూడదు, అది ఇంట్లో అందరి చేతుల్లో తిరుగుతుంది. పిల్లను అవ్వ తీసుకొస్తే అవ్వనే అడగాలి, తల్లి సుగ్గి నుంచి తిరిగొచ్చాక మళ్లీ అడగాలి.

బాలల_హక్కులు_కడప:
అక్కా, ఒకటి కలపండి. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వడం శిక్షణలో గట్టిగా మాన్పించాలి. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పోక్సో 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. బిడ్డను గుచ్చి గుచ్చి అడగకుండా, అన్న మాట అన్నట్టే రాసుకుని పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి.

ఆదోని_పిల్లల_వైద్యం:
సరే, పది ప్రశ్నలు పక్కన పెడతాను, అక్క చెప్పిన మూడే నేర్పుదాం. కానీ తేడా కనిపించిన బిడ్డను పంపేది ఎక్కడికి? కర్నూలు దాకా పోవాలంటే తల్లికి ఒక రోజు కూలి, బస్సు చార్జీ.

కర్నూలు_సైకియాట్రీ:
మొదటి మాట అక్కడే కూర్చుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు (14416) ఫోన్ కలిపి మాట్లాడించొచ్చు సార్. రెండు వారాలకు ఏఎన్ఎం ఇంటికెళ్లి చూడాలి. ఆ రెండో చూపుకు రిజిస్టర్లో గడి లేనంతవరకు శిక్షణ మొదలుపెట్టొద్దనే నా మాట.