అసలు అంతరిక్ష చరిత్రలో గ్రహాంతరవాసుల్ని దూర్చవచ్చా?

కోఠి_పాతపుస్తకం:
నా నవల మొదటి భాగం మీలో కొందరు చదివారు. 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని మన పల్లెలు వణికిపోయిన రోజుల కథ. అందులో గ్రహాంతరవాసులు లేరు, సీక్వెల్‌లో తెస్తున్నాను. 1969 జూలై 21న చంద్రుడి మీద కూలిన సోవియట్ నౌక లూనా 15ని వాళ్లే పడగొట్టారని రాశాను. చదివిన ఫ్రెండ్ ‘చరిత్రను ఖరాబు చేస్తున్నావ్’ అన్నాడు. మీరేమంటారు?

మౌలాలి_రిటైర్డ్:
మీ ఫ్రెండ్ మాటే కరెక్టు. అసలు జరిగిందేమిటో చూడండి. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ ఇంకా చంద్రుడి మీదే ఉన్నారు. పైన మనుషుల్లేని సోవియట్ నౌక, మట్టి పట్టుకుపోదామని తిరుగుతోంది. అదీ, అమెరికా నౌకా ఎక్కడ గుద్దుకుంటాయోనని వ్యోమగామి ఫ్రాంక్ బోర్మన్ అడిగితే, సోవియట్లు దాని కక్ష్య వివరాలు ఇచ్చారు. అదీ కోల్డ్ వార్ మధ్యలో! అమెరికన్లు చంద్రుడి మీంచి లేవడానికి రెండు గంటల ముందు అది కూలిపోయింది. ఇంత టెన్షన్ ఉన్నచోట ఏలియన్ ఎందుకండీ?

ఇంకోటి. 1970 సెప్టెంబరులో లూనా 16 వెళ్లి వంద గ్రాముల మట్టి తెచ్చింది. ముందుదాన్ని ఏలియన్లు కూల్చి ఉంటే, ఈ ఇంజినీర్లు ఏం దిద్దుకుని గెలిచినట్టు? వాళ్ల ఓటమినీ లాగేసుకున్నారు మీరు.

నారాయణగూడ_నీహారిక:
సార్, ఇది నవల, టెక్స్ట్‌బుక్ కాదు. వ్యాసుడు రాయని శశిరేఖ పెళ్లిని మనం భారతంలో కలుపుకుని తరతరాలుగా చూస్తున్నాం. ఎవరికేం నష్టం?

మౌలాలి_రిటైర్డ్:
నష్టం లేదమ్మా. ఆ పెళ్లి కల్పించినవాళ్లు కురుక్షేత్రంలో ఎవరు గెలిచారో మార్చలేదు కదా. నేననేదీ అదే.

ట్యాంక్‌బండ్_టెలిస్కోప్:
కోఠి అన్నా, తెలిసిన కారణాలున్న చోట కాకుండా ఖాళీ ఉన్నచోట దూరు. 1977 ఆగస్టు 15న ఒహాయోలోని బిగ్ ఇయర్ రేడియో టెలిస్కోప్‌కి 72 సెకన్ల సిగ్నల్ అందింది. అదేమిటో ఇప్పటికీ తేలలేదు. అయిదు రోజులకు నాసా నౌక వాయేజర్ 2 ఎగిరింది. అందులోని రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి, తెలుగూ ఉంది. ఆ ఒక్క తెలుగు వాక్యం బట్టీపట్టి కోఠిలో దిగిన ఏలియన్‌తో ఆటోవాలా బేరం ఊహించు. నాకైతే ఆ ఒక్క సీను చాలు, పుస్తకం కొంటా.

మౌలాలి_రిటైర్డ్:
సీను బాగుంది. కానీ దాని జంట నౌక వాయేజర్ 1 సౌరగోళం (సూర్యుడి నుంచి వీచే కణాల గాలి పరుచుకున్న మేర) అంచు దాటిందే 2012లో. ఇంకో నక్షత్రం దరిదాపుల్లోకి పోవడానికి సుమారు 40 వేల ఏళ్లు. అంటే మీ ఏలియన్ మన పక్కనే కాపురం పెట్టి ఉండాలి.

ట్యాంక్‌బండ్_టెలిస్కోప్:
ఉండనివ్వండి సార్, అద్దె మనం కట్టాలా ఏంటి.

కోఠి_పాతపుస్తకం:
సరే, లూనా 15 దానంతటదే కూలుతుంది. నావాళ్లు దూరం నుంచి చూస్తారు, ఆపగలిగీ ఆపరు. ఎందుకు ఆపలేదన్న గొడవే రెండో సగం. మౌలాలి సార్, ఇది ఒప్పుకుంటారా?

మౌలాలి_రిటైర్డ్:
దీనికి అభ్యంతరం లేదు. రాకేశ్ శర్మ నిజాం కాలేజీలో చదివారు కదా అని ఆయన్ని మాత్రం ఏలియన్లతో మాట్లాడించకండి. బతికున్న మనిషి.

నారాయణగూడ_నీహారిక:
చేతులు కట్టుకుని చూసే ఏలియన్ల కోసం నేను నాలుగొందల పేజీలు చదవను. కూల్చండి అన్నా, ముందుమాటలో కల్పితమని ఒక లైను రాస్తే సరిపోతుంది.