కోత తప్పనిసరైతే ముందు ఏది తగ్గాలి: బడులా, ఆఫీసులా?

రాజాం లెక్కల మాస్టారు:
ప్రశ్న సూటిగా పెడతాను. విద్యాశాఖకు వచ్చే డబ్బు తగ్గిందనుకుందాం. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో కత్తెర ముందు ఎక్కడ పడాలి?

పై అంచెల్లో పడాలని నేనంటాను. 2022 ఏప్రిల్‌లో మన రెండు జిల్లాలు మూడయ్యాయి. దానితో మూడో డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసు వచ్చింది. ఆ తరువాత మండలానికి రెండో ఎంఈఓ (మండల విద్యాశాఖాధికారి) వచ్చారు. పిల్లలు మాత్రం పెరగలేదు. అదే ఏడాది జూన్‌లో జీవో 117 వచ్చి, ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు హైస్కూళ్లకు తరలించమంది. పైన కుర్చీలు వేస్తూ కింద బెంచీలు తీసేశారు. 2025లో ఆ జీవో రద్దయింది, మోడల్ ప్రైమరీ బడులు వచ్చాయి, తరగతికి ఒక టీచర్ అన్నారు. మంచిదే. కానీ డబ్బు బిగుసుకుంటే మళ్లీ బడుల విలీనం మాటే ముందుకు వస్తుంది, చూస్తూ ఉండండి.

బొబ్బిలి రిటైర్డ్ హెచ్‌ఎం:
మాస్టారూ, కుర్చీల లెక్క వినసొంపుగా ఉంది కానీ అందులో డబ్బు లేదు. విద్యాశాఖ ఖర్చులో సింహభాగం జీతాలు, ఆ జీతాల్లో సింహభాగం టీచర్లవి. ఒక జిల్లా ఆఫీసు ఎత్తేస్తే మిగిలేది భవనం అద్దె, కారు డీజిలు, కొద్దిమంది సిబ్బంది జీతం.

పైగా ఏకోపాధ్యాయ పాఠశాలను బడి అనడానికే నాకు మనసొప్పదు. ఐదు తరగతులు, ఒక్క మనిషి. ఆయన సెలవు పెడితే పక్క ఊరి నుంచి ఎవరినో సర్దుబాటు చేయాలి, లేకపోతే ఆ రోజుకు తాళం. అరవై మంది లోపు ఉన్నా ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలే చెబుతోంది. పద్నాలుగు మంది పిల్లలున్న చోట ఇద్దరిని కూర్చోబెట్టే స్తోమత లేనప్పుడు, ఆ పిల్లలను ఐదుగురు టీచర్లున్న బడికి పంపడం అన్యాయం ఎలా అవుతుంది? అక్కడ తోటి పిల్లలుంటారు, ఆటస్థలం ఉంటుంది.

పలాస అమ్మ:
హెచ్‌ఎం గారూ, నమస్కారం. మీరు చెప్పిన పెద్ద బడికి మా బాబును పంపిన దానిని నేను. అప్పుడు వాడు నాలుగో తరగతి, పాప ఒకటి. అంతకుముందు అన్నే చెల్లి చేయి పట్టుకుని తీసుకెళ్లేవాడు. విలీనం తరువాత పాప ఊళ్లోనే ఉండిపోయింది, బాబు రోడ్డు దాటి వెళ్లాలి. నేను పొద్దున్నే జీడిపప్పు పనికి పోతాను. ఇద్దరిని రెండు వైపులా దింపడానికి నేనొక్కదాన్నే. మూడు నెలలు పడ్డాను, ఆ తరువాత ఇద్దరినీ ప్రైవేటులో వేశాను. వాళ్ల వ్యాను గుమ్మం ముందుకు వస్తుంది. ఫీజు అప్పు చేసి కడుతున్నాను.

మా వీధిలో ఇలా చేసింది నేను ఒక్కదాన్నే కాదు. ఆ తరువాత మా ఊరి బడిలో పిల్లల సంఖ్య పడిపోయిందని మళ్లీ మమ్మల్నే అన్నారు.

సీతంపేట ఎస్‌జీటీ (ప్రాథమిక బడి టీచర్):
అమ్మ చెప్పింది మైదానం సంగతి. కొండ మీద కిలోమీటరు అనే మాటకే అర్థం వేరు. మ్యాపులో గీత గీస్తే కిలోమీటరు లోపే. మధ్యలో గెడ్డ (వాగు) ఉంటుంది, వానాకాలంలో దాటలేరు.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. సవర పిల్లవాడు ఒకటో తరగతికి వచ్చేనాటికి వాడికి తెలుగు రాదు. 2004లో సవర, కువి, కొండ, కోయ సహా ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది. అది నడవాలంటే ఆ భాష తెలిసిన మనిషి తరగతిలో ఉండాలి. ఆ పనికి పెట్టిన వాలంటీర్లు పర్మనెంటు కాదు, జీతం చిన్నది. కోత వచ్చిందంటే మొదట ఆగేది వాళ్ల రెన్యువలే. డీఈఓ కుర్చీ, హైస్కూలు బెంచీ మధ్య మీరు వాదించుకుంటూ ఉండగానే వీళ్లు వెళ్లిపోతారు.

బొబ్బిలి రిటైర్డ్ హెచ్‌ఎం:
ఏజెన్సీని మినహాయించాలన్న మాట ఒప్పుకుంటున్నాను, అక్కడ పదిమంది ఉన్నా బడి ఉండాల్సిందే. మైదానంలో మాత్రం నా మాట నాదే. అమ్మా, మీ కష్టం బస్సు లేకపోవడం వల్ల వచ్చింది, విలీనం వల్ల కాదు. రవాణా భత్యం సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకంలోనే ఉంది, పిల్లవాడికి ఏడాదికి గరిష్ఠంగా 6,000 రూపాయలు.

పలాస అమ్మ:
మా తోటికోడలి ఊళ్లో ఆ డబ్బు చదువు ఏడాది చివర్లో పడిందండీ. ఆటోవాడు జూన్ నుంచి నెలనెలా అడుగుతాడు. అయినా ఒకటో తరగతి పాపకు బస్సుంటే మాత్రం, చేయి పట్టుకునే వాళ్లెవరు?

విజయనగరం గుమాస్తా:
ఎంఈఓ ఆఫీసులో పనిచేసిన వాడిగా రెండు మాటలు. మా దగ్గర ఇద్దరు ఎంఈఓలు ఉండేవారు, ఫైళ్లు రాయడానికి నేనొక్కడిని. ఆఫీసులు మూస్తే సగం పని హెచ్‌ఎంల మీద పడుతుంది. ఇప్పటికే హాజరు యాపులో, గుడ్ల లెక్క యాపులో. కొన్నేళ్లు మరుగుదొడ్డి ఫొటో కూడా యాపులోనే. ఏకోపాధ్యాయ బడిలో ఇవన్నీ చేసేది ఆ ఒక్క మాస్టారే. నన్నడిగితే ముందు వీటికే కత్తెర, పైసా నష్టం లేదు.

ఇక హెచ్‌ఎం గారు వదిలేసిన లెక్క ఒకటుంది. బడి విలీనమైతే టీచర్ ఇంటికి పోడు, మిగులు కింద మరో బడికి బదిలీ అవుతాడు. జీతం అంతే. ఆదా కనపడేది రేపు ఆయన రిటైరై ఆ పోస్టు నింపనప్పుడు. 2025లో మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులు ప్రకటించారు. ఎక్కడ ఎన్ని బడులు ఉంటాయన్నదే అలాంటి లెక్కకు ఆధారం. అందుకే ఈ ఏడాది డబ్బు లేదని చెప్పి బడి కలిపితే ఈ ఏడాది మిగిలేది దాదాపు సున్నా.

రాజాం లెక్కల మాస్టారు:
గుమాస్తా గారు నా పని తేలిక చేశారు. సర్కారుకు ఈ ఏడాది ఏమీ మిగలదు, అమ్మకు మాత్రం ఈ ఏడాదే అప్పు. శాఖ పద్దులో లేని ఆ అప్పును ఎవరు లెక్కగడతారు?

హెచ్‌ఎం గారూ, మీ మాటకు ఒక షరతు పెడతాను. మైదానంలో ఏ బడిని కలపాలన్నా ముందు ఆ ఏడాది రవాణా డబ్బు బడి తల్లిదండ్రుల కమిటీ ఖాతాలో పడాలి, చిన్నపిల్లల వెంట వెళ్లే ఆయాను పెట్టాలి, ఒకే ఇంటి పిల్లలను విడదీయకూడదు. ఆ తరువాతే ఉత్తర్వు. దీనికి ఒప్పుకుంటారా?

బొబ్బిలి రిటైర్డ్ హెచ్‌ఎం:
మొదటి రెండూ సరే. మూడోది కుదరదు మాస్టారూ. ఒకటి, రెండు తరగతులను కూడా తరలిస్తే తప్ప అన్నాచెల్లెళ్లు ఒకే చోట ఉండరు, అప్పుడు ఊళ్లో బడే ఉండదు.

రాజాం లెక్కల మాస్టారు:
అందుకే కలపవద్దంటున్నాను.