72 ఏళ్ల అమ్మకు స్మార్ట్‌ఫోన్ ఎలా నేర్పాలి? లైఫ్ సర్టిఫికెట్ ఫోనులోనే ఇవ్వవచ్చా?

ప్రశ్న (విజయనగర్, బెంగళూరు)

అందరికీ నమస్కారం. నాన్నగారు గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసి పదవీ విరమణ చేశారు. ఆయన పోయినప్పటి నుంచి, అంటే రెండేళ్లుగా, అమ్మ మా దగ్గరే ఉంటోంది. ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. పెన్షన్ తీసుకునేవారు బతికే ఉన్నామని ఏటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ కోసం కిందటి నవంబరులో బ్యాంకుకు తీసుకువెళితే, వేలిముద్రల యంత్రం ఆమె పది వేళ్లలో ఒక్కదాన్నీ గుర్తించలేదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ మళ్లీ పెట్టి, తప్పంతా తనదే అన్నట్టు ఆ ఉద్యోగికి క్షమాపణ చెప్పుకుంటుంటే చూడలేకపోయాను.

ఇప్పుడు ముఖం చూపించి ఇంట్లోనే ఇవ్వవచ్చని విని, ఒక స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాను. ఆమె తాకితే ఒకసారి ఏమీ కదలదు, ఇంకొకసారి తెర మీది గుర్తులన్నీ చోటు మారిపోతాయి. పాడు చేశానేమోనన్న భయంతో దాన్ని బల్ల మీద పెట్టేసి, ఆ రోజుకు మళ్లీ ముట్టుకోదు. నేనేమో ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి, ఆ ఫోను లాక్కుని నేనే చేసేస్తున్నాను. అది నేర్పడం కాదని నాకు తెలుసు. ఎలా మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి జవాబు (జయనగర్)

అమ్మా, నాకు 76 ఏళ్లు. మీ అమ్మగారి అవస్థ నేను పడినదే కనుక చెబుతున్నాను. ఆ తెర మన చర్మంలోని విద్యుత్ స్పర్శను బట్టి పని చేస్తుంది. వయసు మీద పడ్డాక చర్మం పొడిబారుతుంది కాబట్టి ఆ స్పర్శ దానికి సరిగా అందదు. అందలేదని మనం గట్టిగా, ఎక్కువసేపు నొక్కుతాం. అలా నొక్కి ఉంచడాన్ని ఫోను వేరే ఆజ్ఞగా తీసుకుని గుర్తులను కదిలిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే విభాగం ఉంటుంది. అందులో ‘టచ్ అండ్ హోల్డ్ డిలే’ అన్నదాన్ని ‘లాంగ్’ చేయండి. తెర ఆరిపోయే వ్యవధిని కూడా పెంచండి, ఎందుకంటే చదివి అర్థం చేసుకునేలోపు చీకటైపోతే ఎవరికైనా కంగారు పుడుతుంది. అక్షరాలు పెద్దవి చేసి, భాష తెలుగుకు మార్చండి. టైపు చేయనక్కరలేకుండా తెలుగులో మాట్లాడితే రాసుకునే సదుపాయం కూడా ఉంది.

నా కోడలు ఎన్నిసార్లు చూపించినా నాకు పట్టుబడలేదు. ఒకరోజు ఆమె చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుని, నోటితో మాత్రమే చెప్పింది. నేను నొక్కి, నా దస్తూరీతో నా పుస్తకంలో రాసుకున్నాను. ఎవరో రాసిచ్చిన కాగితం కంటే మన మాటల్లో మనం రాసుకున్నదే రేపు ఉదయం అర్థమవుతుంది.

రెండవ జవాబు (మారతహళ్లి)

లైఫ్ సర్టిఫికెట్ సంగతి నేను చెబుతాను. మా అత్తగారికి రెండేళ్లుగా ఇలాగే ఇస్తున్నాను. దీన్ని ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రభుత్వ పద్ధతి అయిన జీవన్ ప్రమాణ్ 2014లో వచ్చింది, ముఖంతో ధ్రువీకరించే పద్ధతి 2021 నవంబరులో చేరింది. జీవన్ ప్రమాణ్ యాప్‌తో పాటు, ముఖాన్ని ఆధార్‌తో సరిపోల్చడానికి ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ కూడా ఉండాలి. ముందుగా ఫోను నడిపేవారు, అంటే మీరు, మీ ఆధార్‌తో ఒకసారి నమోదు కావాలి. ఆ తరువాత అమ్మగారి ఆధార్, పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు, ఖాతా వివరాలు ఇచ్చి, కిటికీ ఎదురుగా వెలుతురులో కూర్చోబెట్టి, కనురెప్పలు ఆర్పమనండి. పునర్వివాహం జరిగిందా అన్న ప్రశ్న కూడా అందులో వస్తుంది. అది నియమం కోసం అడిగేదని ఆమెకు ముందే చెప్పి ఉంచండి, మా అత్తగారు ఆ ప్రశ్నకు చాలా బాధపడ్డారు.

ఒక్క మాట. ఇది ఏడాదికొకసారి చేసే పని. దీన్ని ఆమెకు నేర్పితే వచ్చే నవంబరుకు మరిచిపోవడమే కాక, తనకు ఏదీ రాదన్న అభిప్రాయం ఆమెలో గట్టిపడుతుంది. దీన్ని మీరే చేసిపెట్టండి. ఆమె రోజూ కోరుకునే పని ఏదో కనుక్కుని, అది ఒక్కటే నేర్పండి.

మూడవ జవాబు (కె.ఆర్.పురం)

పై మాటలన్నీ సరైనవే, అయితే మోసాల సంగతి కూడా మొదటి వారంలోనే చెప్పాలి. మా నాన్నగారికి పెన్షన్ ఆఫీసు అంటూ ఫోన్ వచ్చింది. సర్టిఫికెట్ గడువు ముగిసిందని భయపెట్టి ఓటీపీ చెప్పించుకున్నారు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయడం వల్ల కొంత సొమ్ము నిలిచింది, కొంత పోయింది. పోయిన సొమ్ము కంటే, ఆ తరువాత ఆయన ఆరు నెలలు ఫోను ముట్టకపోవడమే మాకు పెద్ద నష్టం. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కరలేదని, పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించే ‘డిజిటల్ అరెస్ట్’ అనేది ఏ చట్టంలోనూ లేదని, అనుమానం వస్తే పెట్టేసి మీకు ఫోన్ చేయమని చెప్పండి. పెన్షన్ పడే ఖాతాకు యూపీఐ కలపకండి. కూరగాయల బండి దగ్గర చెల్లించడానికి రెండు వేలు వేసిన వేరే ఖాతా చాలు.

అడిగినవారి జవాబు (పది రోజుల తరువాత)

బాబాయిగారికి, మిగతా ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ ‘లాంగ్’ అమరిక పెట్టిన మొదటి రోజే గుర్తులు కదలడం ఆగిపోయింది. రోజూ ఏమి కావాలని అడిగితే, గుంతకల్లులో ఉన్న మా మేనమామను చూస్తూ మాట్లాడాలన్నది. చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగుసార్లు తప్పింది, నేను కలగజేసుకోలేదు, అది చాలా కష్టమైంది. పాత క్యాలెండరు కాగితం వెనుక ‘పచ్చ బొమ్మ, తమ్ముడి ఫొటో, కెమెరా’ అని రాసుకుంది.

నిన్న మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉన్నప్పుడు తనే మామయ్యకు ఫోన్ చేసి, పెరటిలోని సన్నజాజి పందిరి చూపించమన్నదట. సాయంత్రం వచ్చి చూస్తే ఆ కాగితం మీద నేను చెప్పని నాలుగో మాట ఉంది: ‘అయిపోయాక ఎర్రది.’